సాయంత్రం వదులు, పొద్దున బిగువు

ఆ వానాకాలం మా ఇంట్లో ముగ్గురికి పని లేకుండా పోయింది. ఒకరు మా మావయ్యగారు. మిగతా ఇద్దరూ నా చిటికెన వేళ్ళు.

మావయ్యగారి సంగతి ఏటా ఉండేదే. మాది టెంట్ల వ్యాపారం. కింద గోడౌను, పైన ఇల్లు. పెళ్ళికైనా, మీటింగుకైనా, బడిలో ఆటల పోటీకైనా గుంజలు పాతి, గుడ్డ కప్పి, కుర్చీలు వేసి వచ్చేది మావాళ్ళే. వానలు మొదలయ్యాయంటే ఆరుబయట ఎవరూ ఏదీ పెట్టుకోరు. అప్పుడు మావయ్యగారు ముందుగదిలో నేలమీద కూర్చుని, చిరిగిన టెంటు గుడ్డలకు మాసికలు వేసుకుంటూ ఉంటారు. మా ఆయన వ్యానేసుకుని చిన్నాచితకా బేరాలకు తిరుగుతుంటాడు. అత్తయ్య వంటింట్లోంచి ఇద్దరినీ కలిపి తిడుతూ ఉంటుంది.

నా చిటికెన వేళ్ళకు మాత్రం అది కొత్త. ఆ ఏడు నేను హార్పు, అంటే భుజానికి ఆనించుకుని మీటే నిలువు తీగల వాయిద్యం, నేర్చుకోవడం మొదలుపెట్టాను. హార్పుకి ఆ వేలితో పనే లేదు. బొటనవేలు నిటారుగా నిలబెట్టి, మిగతా మూడు వేళ్ళూ కిందికి వంచి, తీగని అరచేతిలోకి లాగి వదలాలి. చిటికెన వేలు పక్కన కూర్చుని చూడాలి, అంతే. నాది కూర్చుంటేగా! మా అత్తయ్యలాగే అన్నిట్లోనూ దూరేది.

"దాన్ని కట్టేయమంటావా?" అనేది టీచరమ్మ.

ఎండాకాలం చివర్లో ఒక పెళ్ళికి మావాళ్ళు టెంటు వేశారు. మర్నాడు కుర్చీలు వెనక్కి తీసుకురావడానికి నేనూ వెళ్ళాను. పెళ్ళివాళ్ళంతా వెళ్ళిపోయారు. ఒక మూల ఒకావిడ ఇంకా కూర్చుని, తనకోసమే అన్నట్టు హార్పు వాయించుకుంటోంది. చంకలో మూడు కుర్చీలు పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఆయన వచ్చి "బొమ్మలా నిలబడ్డావేంటి?" అని కుదిపేదాకా కదల్లేదు. ఆవిడే టీచరమ్మ. చెప్పుల కొట్టు మీద అద్దెకున్న రెండు గదుల్లో ఆవిడ బడి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడు బడిలో పాటల గుంపులో నిలబెట్టిన మాస్టారు, రెండో రోజే నన్ను చివరికి పంపించి, "నువ్వు పెదాలు కదుపు చాలు తల్లీ, గొంతివ్వకు" అన్నారు. అప్పట్నుంచీ నాకు చెవి లేదని మా ఇంట్లో ఖాయమైపోయింది. నేనూ ఒప్పేసుకున్నాను. పెళ్ళై వచ్చాక ఈ ఇంట్లో కూడా, పాట పాడే ఛాయలకే పోలేదు. అలాంటిదాన్ని, ముప్పై దాటాక, ఆ రోజు ఆ కుర్చీలు కిందపడేసి వెళ్ళి "నాకు నేర్పుతారా అండీ?" అని అడిగాను. నోరు ఎలా వచ్చిందో నాకే తెలీదు.

టీచరమ్మ షరతు ముందే చెప్పింది. "నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే చిన్న హార్పు ఒక్కటే ఉంది. వానాకాలం అంతా నీ దగ్గరే ఉంచుకో. వానలు వెళ్ళాక అందరినీ కూర్చోబెట్టి తలా ఒక పాట వాయించమంటాను. నీ హార్పు శ్రుతిలో నిలబడితే అది నీ దగ్గరే ఉంటుంది, ముందుకెళ్ళొచ్చు. లేదంటే ఇంకొకరు ఎదురుచూస్తున్నారు, వాళ్ళకి ఇచ్చేయాలి. ఏమీ అనుకోకూడదు."

"ఏమీ అనుకోను" అన్నాను. ఆ క్షణానికి ఏమన్నా ఒప్పుకునేదాన్నే.

హార్పు మా ఇంటికి టెంటు వ్యానులో, టెంటు గుడ్డ చుట్టుకుని వచ్చింది. మా ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని మెట్లెక్కించాం. అత్తయ్య గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ కుడి మోచెయ్యి పూర్తిగా చాచుకోదు, అందుకని గరిటె ఎప్పుడూ పొట్టకి ఆనించినట్టే ఉంటుంది.

"ఇదేంటే? సగం తలుపా?"

"హార్పు అత్తయ్యా."

"అయితే మిగతా సగం ఎక్కడ?"

మావయ్యగారు సూది పక్కన పెట్టి లేచారు. ఆయన నాతో మాట్లాడటం తక్కువ. నాతోనే కాదు, ఎవరితోనైనా అంతే. కానీ నాకు మాత్రం, నాతో ఇంకా తక్కువ అనిపించేది. హార్పు చుట్టూ ఒకసారి తిరిగారు. పైన వంగిన కర్రని బొటనవేలితో నొక్కి చూశారు. తీగలు దిగిన పెట్టె మీద అరచెయ్యి ఆనించారు.

"అన్నీ కలిపి ఎంత లాగుతాయి?" అన్నారు.

టీచరమ్మ దగ్గర విన్నది నాకు గొప్పగా గుర్తుంది. "చాలా లాగుతాయట మావయ్యా! నలుగురైదుగురు నిండు మనుషులు దీన్ని పట్టుకుని వేలాడితే ఎంతో, అంత. చూడ్డానికి ఇంతే ఉంది కానీ!"

"నువ్వు దీన్ని ఎక్కడ పెట్టుకుని వాయిస్తావు?"

"ఇదిగో, ఇలా. కుడి భుజం మీద ఆనించుకుని. చెవి పక్కనే."

ఆయన వెనక్కి తిరిగారు. వెళ్ళి సూది అందుకున్నారు. నచ్చలేదన్నమాట అనుకున్నాను.

నా ఉద్యోగం బస్సు డిపోలో, పోయిన సామాన్ల కౌంటర్లో. మధ్యాహ్నం షిఫ్టు. వానాకాలంలో ఆ కౌంటరంతా గొడుగులే. జనం పోగొట్టుకున్నది వదిలేసి వేరేది మంచిగా ఉంటే "ఇదే నాది" అంటారు, వాళ్ళతో రోజూ పంచాయితీ. అందుకని నా సాధన పొద్దుటి పూట. కాఫీ తాగి, హార్పు ముందు కూర్చునేదాన్ని. నేను కూర్చోగానే మావయ్యగారు లేచి గుడ్డా సూదీ చంకలో పెట్టుకుని కిందికి గోడౌనులోకి వెళ్ళిపోయేవారు. ఒక్క రోజు తప్పలేదు. ఒక్క తీగ మోగేదాకా కూడా ఆగేవారు కాదు. నాకు ప్రాణం ఉసూరుమనేది.

"పోనీలెద్దూ, ఆయనకి చప్పుడు పడదు. నాకు బానే ఉంది. పప్పు తిరగమోత పెట్టేటప్పుడు వినిపిస్తే చేయి తేలిగ్గా ఆడుతోంది" అనేది అత్తయ్య.

ఆయన వెళ్ళిపోవడం ఒక బాధైతే, దాన్ని మించింది ఇంకోటి ఉంది. రోజూ పొద్దున హార్పు శ్రుతి మొత్తం దిగిపోయి ఉండేది. ఒకటో రెండో తీగలు కాదు, అన్నీ. ఎర్ర తీగ 'స', నల్ల తీగ 'మ', మధ్యలో తెల్లవి మిగతావి. ఏ తీగ మీటినా నిద్రమొహంతో పలికేది. మిగతా శిష్యులంతా ఫోనులో చూసి శ్రుతి చేసుకుంటారు. నాది బటన్ల ఫోను. అందుకని టీచరమ్మ నాకు రెండు కొమ్ముల ఇనప పుల్ల ఒకటి ఇచ్చింది. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే 'స' వినిపిస్తుంది. ఎర్ర తీగని దానికి కలిపి, అక్కణ్ణించి ఒక్కో తీగనీ చెవితోనే వెతుక్కుంటూ పోవాలి. పైన ఉన్న చిన్న చిన్న బిరడాలని తాళంచెవి లాంటి దాంతో తిప్పాలి. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. అంతా బిగించుకునేసరికి ఎండెక్కేది, పాటకి మిగిలే సమయం కాస్తంత. వాయించడం అయ్యాక ఆ తాళంచెవిని తాడుతో హార్పు స్తంభానికి కట్టేసి పనికి పరిగెత్తేదాన్ని. మర్నాడు మళ్ళీ మొదటికే.

వారం వారం సెలవు రోజున మా ఆయన వ్యానులో హార్పునీ నన్నూ బడికి చేర్చేవాడు. తెల్లారకుండా లేచి శ్రుతి చేసి తీసుకెళ్ళినా, అక్కడికి వెళ్ళేసరికి సగం తీగలు కిందికి జారి ఉండేవి. టీచరమ్మ ఒక్కో తీగా మీటి, కళ్ళు మూసుకుని, పెదవి విరిచేది. ఏమీ అనేది కాదు. అంటే బాగుండేది.

వానలు సగం దాటాక ఒకరోజు అననే అంది. హార్పుని పడుకోబెట్టి, లైటు పెట్టి లోపలా బయటా చూసింది. పైకర్ర అతుకులు తట్టి చూసింది. ఎక్కడా పగులు లేదు.

"నాకు అర్థం కావట్లేదమ్మా" అంది. "తడి గాలికి తీగలు బిగుస్తాయి. ఈ ఊళ్ళో ఉన్న హార్పులన్నీ ఇప్పుడు పైకెక్కి కూర్చున్నాయి. నీదొక్కటే కిందికి దిగుతోంది. కర్ర బాగానే ఉంది. బిరడాలు బాగానే ఉన్నాయి. ఇంక మిగిలింది..."

"నా చెవి" అన్నాను.

ఆవిడ కాదనలేదు. "కొందరికి రాదమ్మా. దానికి సిగ్గుపడక్కర్లేదు. ఇంకెన్నాళ్ళో లేదుగా, ఆ రోజు దాకా ఉంచుకో కావాలంటే" అంది, మంచిగానే. ఆ మంచితనం పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ మర్నాడు కౌంటర్లో గొడుగుల మధ్య కూర్చుని భోరున ఏడ్చాను. గొడుగు కోసం వచ్చిన పెద్దాయన బెదిరిపోయి, "నాది దొరక్కపోయినా పర్లేదమ్మా, అంత బాధపడకు" అని వెళ్ళిపోయాడు. మాస్టారు చెప్పిందే నిజం. పెదాలు కదిపితే చాలు, గొంతివ్వకూడదు. ముప్పై ఏళ్ళు దాటినదానికి ఈ బుద్ధెందుకు పుట్టిందో. చివరిదాకా ఉంచుకుని అందరి ముందూ తలవంచుకోవడం కంటే, ఇప్పుడే ఇచ్చేసి రావడం మేలనిపించింది.

తెల్లారి మా ఆయనతో చెప్పాను. "వ్యాను తీయండి. ఇచ్చేసి వద్దాం."

"నిజంగానా?"

"నిజంగానే. నాకు రాదు. అయిపోయింది."

ఆయన వాదించలేదు. టెంటు గుడ్డ తెచ్చి పరిచాడు. గుడ్డ చుట్టేముందు, వేలాడే తాళం దారిలో కర్రకి తగిలి గీతలు పడతాయని, విప్పబోయాను. తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగానో లేదో, ముడి మొత్తం జారి చేతిలోకొచ్చింది.

రోజూ అలాగే వచ్చేది. రోజూ దాన్ని అలాగే లాగి, తాళం తీసుకుని, శ్రుతి చేసేదాన్ని. ఒక్కనాడూ ఆలోచించలేదు. కానీ ఆ పొద్దున ఎందుకో చెయ్యి ఆగింది. నేను వేసే ముడి నాకు తెలుసు. లంగా బొందుకి వేసినట్టు పీటముడి వేస్తాను, పళ్ళతో తప్ప విప్పలేం. మరి ఇదెలా ఒక్క లాగుకి వచ్చింది?

"ఏవండీ, ఈ తాళం మీరు కడుతున్నారా?"

"నేనెందుకు కడతాను?"

"ఒక్క లాగుకి ఊడింది."

తాడుకి ఇంకా ముడి మడతలు అలాగే ఉన్నాయి. ఆయన చేతిలోకి తీసుకుని, మడతలు చూసి మళ్ళీ అదే ముడి వేసి, లాగాడు. ఊడింది. ఇంకోసారి వేసి చూపించాడు. "ఇది టెంటు ముడే. ఎంత గాలొచ్చినా ఊడదు, కొస లాగితే చాలు వచ్చేస్తుంది. కానీ నేను కుడి నుంచి తిప్పుతాను. ఇది ఎడమ నుంచి తిప్పింది." గొంతు తగ్గించి అన్నాడు. "మన గోడౌన్లో ఎడమచేతి వాళ్ళు నాన్న ఒక్కరే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఎదురుగా లేచి వెళ్ళిపోయింది చాలక, నేను లేనప్పుడు వచ్చి తీగలు వదిలేస్తున్నారా! ఇష్టం లేకపోతే ఆ మాట మొహం మీదే అనొచ్చుగా! నా చెవి లేనితనం చూసి లోపల్లోపల నవ్వుకుంటున్నారా! అనాల్సినవన్నీ మనసులో వరస పెట్టుకున్నాను. మా ఆయన "తొందరపడకు" అన్నాడు. తొందరపడలేదు. హార్పు పంపడం ఆపి, రోజూలాగే తీగలు బిగించి, తాళం కట్టేశాను. పనిలో తోటి అమ్మాయిని బతిమాలి షిఫ్టు సగంలో తనకి అప్పజెప్పి, వెలుతురుండగానే ఇంటికొచ్చేశాను. మెట్లు చప్పుడు కాకుండా ఎక్కాను.

మావయ్యగారు హార్పు ముందు నిలబడి ఉన్నారు. ఎడమ చేతిలో తాళం. ఒక్కో బిరడాకి తొడిగి, కొంచెం తిప్పి, తీగని వేలితో తడిమి చూసి, తర్వాత దానికి పోతున్నారు. ఒక్కటీ వదలకుండా, వరసగా. అంతా శ్రద్ధగా. వంటింట్లో అత్తయ్య ఏదో దంచుకుంటోంది. ఈ వ్యవహారం ఆవిడకి కొత్త కాదని తెలుస్తూనే ఉంది.

"ఏం చేస్తున్నారు మావయ్యా?"

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆయన మాత్రం ఉలిక్కిపడలేదు. దాచుకోనూ లేదు.

"వచ్చావా. వదులు చేస్తున్నానమ్మా. ముసురు పట్టింది కదా."

"ఎందుకు వదులు చేయడం?"

ఆయనకి నా ప్రశ్నే అర్థం కాలేదు. "ఎందుకేంటి? తాడు తడి తాగితే బిగుస్తుంది. రాత్రికి వదలకపోతే తెల్లారేసరికి గుడ్డయినా చిరుగుతుంది, గుంజయినా విరుగుతుంది. సాయంత్రం వదలాలి, పొద్దున బిగించాలి. నువ్వు రోజూ పొద్దున్నే బిగించుకుంటున్నావు కదా?"

"బిగించుకుంటున్నాను..."

"మరి! నువ్వు పొద్దున బిగిస్తున్నావు, నేను సాయంత్రం వదులుతున్నాను. పని పంచుకున్నాం కదా అనుకున్నా. నీకు తెలీదా?"

వరస పెట్టుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి. నేను కౌంటర్లో గొడుగుల మధ్య ఏడుస్తుంటే, ఈయన ఇక్కడ నాతో కలిసి పని చేస్తున్నాననుకుంటున్నారు!

"మరి నేను వాయించేటప్పుడు లేచి వెళ్ళిపోతారేం?" అన్నాను చివరికి. చిన్నపిల్లలా వచ్చింది ఆ మాట.

ఆయన తాళాన్ని స్తంభానికి కట్టారు. ఎడమ నుంచి తిప్పి. "బిగించాక చూడలేనమ్మా" అన్నారు. "అంత లాగుడు... అది నీ భుజం మీద. కంటి పక్కన. ఏ ఒక్కటి తెగినా..."

వంటింట్లో దంచడం ఆగింది. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, మోచెయ్యి కొంచెం పైకెత్తి చూపించింది.

"ఇదే సంగతి" అంది. "మా పెళ్ళయిన ఏడాదే. వానలో టెంటు. సాయంత్రం తాళ్ళు వదలడం మర్చిపోయారు మహానుభావుడు. తెల్లారి నేను టెంటు కిందికి కాఫీ తీసుకెళ్తుంటే గుంజ విరిగి మీద పడింది. చెయ్యే పోయిందనుకున్నాం. వంగి ఉంటేనేం, కాఫీ కలపడానికి బాగానే ఉంది. ఈయనే, అప్పట్నుంచీ చెప్పుల తాడు కూడా సాయంత్రం వదులు చేస్తాడు."

మావయ్యగారు కిందికి చూస్తూ నిలబడ్డారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గుండెల మీంచి ఎవరో బండ దించినట్టయింది. నా చెవి పోలేదు. హార్పు పగల్లేదు. ఈ మనిషికి నేనంటే చిరాకూ లేదు. ఒక్క సాయంత్రంలో మూడు!

"నాకేం కాదు మావయ్యా" అన్నాను. "టీచరమ్మనే అడుగుదాం. రేపు మీరూ రండి."

మర్నాడు హార్పుని వ్యానులో వెనక ఎక్కించాక, మావయ్యగారు ఉతికిన చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. చెప్పుల కొట్టు పక్క మెట్లెక్కుతుంటే నా కన్నా ఆయనకే భయం ఎక్కువగా ఉంది. టీచరమ్మ అంతా విని, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత ఆయన మొహం చూసి ఆపేసింది.

"పెద్దాయనా, మీ భయం తప్పు కాదు. కానీ ఇది టెంటు కాదు. దీన్ని చేసినవాళ్ళు ఈ లాగుడంతా లెక్కేసుకునే చేశారు. అన్ని తీగలూ లాగుతుంటేనే కర్ర నిలకడగా ఉంటుంది. రోజూ వదిలి బిగిస్తే దానికే ఇబ్బంది."

ఆయన హార్పు వైపు చూశారు. "అన్ని పక్కలా సమంగా లాగితే గుంజ కదలదు" అన్నారు మెల్లగా. "ఒక పక్క వదిలితేనే వాలుతుంది. అంతేనా?"

"అంతే."

"అయితే వదలను. కానీ తెగితే?"

"తెగుతాయి అప్పుడప్పుడు. టప్పుమంటుంది, అంతే. నాకు ఇన్నేళ్ళలో ఒక్క గీత పడలేదు."

ఆయన నమ్మినట్టు తలూపారు. నమ్మలేదని నాకు తెలుసు.

అప్పుడే టీచరమ్మకి ఏదో తట్టింది. నా వైపు తిరిగింది. "ఆగాగు. అంటే నువ్వు రోజూ పొద్దున మొత్తం హార్పు చెవితో శ్రుతి చేసుకుంటున్నావా? ఆ ఇనప పుల్ల ఒక్కటి పట్టుకుని?"

"మరి ఇంకెలా?"

"వాయించే ముందు?"

"వాయించే ముందే. అది అయ్యాకేగా వాయించేది."

ఆవిడ తన పెద్ద హార్పు దగ్గరికి తీసుకెళ్ళి, నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టింది. వెనక ఒక తీగ మీటింది. "సరిగ్గా ఉందా?"

"కొంచెం దిగింది."

ఇంకోటి. "ఇది?"

"బాగుంది."

ఇంకోటి. "ఇది?"

"పైకెక్కింది. పిసరంత."

ఆవిడ ఎన్నో మీటింది. ఒకదాని దగ్గర తడబడ్డాను, మిగతావి చెప్పేశాను. గోడ మీద తడి మరక ఒకటి ఉంది, దాన్నే చూస్తూ చెప్పాను. వెనక్కి తిరిగేసరికి టీచరమ్మ తాళం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"కొందరికి రాదమ్మా అన్నాను కదూ" అంది. "ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నా. నా దగ్గర పాతవాళ్ళకి కూడా ఫోను చూడందే చేతకాదు. ఇంత చెవి నీకు ఎవరు నేర్పారు?"

నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇందులో తన ప్రమేయం ఏమైనా ఉందని ఆయనకి తట్టనే లేదు. మెట్లు దిగేటప్పుడు నేను పెదాలు కదిపి ఊరుకోలేదు. నోరు తెరిచి, గట్టిగానే పాటెత్తుకున్నాను. మా ఆయన "ఇదేంటి కొత్తగా?" అన్నాడు.

ఆ తర్వాత రోజులన్నీ హాయిగా గడిచాయి. హార్పు శ్రుతి నిలబడింది. పొద్దున ఎక్కడో ఒక తీగ సర్దుకుంటే చాలు, మిగతా సమయమంతా పాటకే. చిటికెన వేలు కూడా దారికొచ్చింది. మావయ్యగారు మాత్రం నేను కూర్చోగానే లేవబోయేవారు, మళ్ళీ కూర్చునేవారు, రెండు కుట్లు వేసేవారు, పాట సగమయ్యేసరికి ఆగలేక వెళ్ళిపోయేవారు. రోజురోజుకీ కొంచెం ఎక్కువసేపు. అత్తయ్య దానికీ వ్యాఖ్యానం మొదలుపెట్టింది. "ఇవాళ రెండో చరణం దాకా ఉన్నాడు మా వీరుడు!"

వానలు వెళ్ళిపోయాయి. గోడౌనులో గుంజలు దులిపి కొత్త బేరాలకి సిద్ధం చేస్తున్న రోజుల్లోనే మా వాయింపు రోజు వచ్చింది. చెప్పుల కొట్టు పైగదిలో శిష్యులూ, వాళ్ళ వాళ్ళూ కిక్కిరిసి కూర్చున్నారు. మావయ్యగారు మొదటి వరసలో, వెన్ను నిటారుగా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. పారిపోవడానికి అక్కడ గోడౌను లేదు.

నా వంతు వచ్చింది. హార్పుని భుజానికి వాల్చుకున్నాను. చెవి పక్కనే దాని చల్లని కర్ర. మొదటి చరణం బాగా వెళ్ళింది. రెండోది ఇంకా బాగా. మూడోదాంట్లో పైనున్న ఎర్ర తీగ మీటబోతుండగా, టప్పుమంది.

గదంతా ఉలిక్కిపడింది. తెగిన తీగ కొస గాలిలో ఒక్క మెలి తిరిగి, కిందికి వేలాడింది. మావయ్యగారు లేచి నిలబడిపోయారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. నా కన్ను, నా చెంప, నా భుజం, అన్నీ వరసగా చూశారు. నేను ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. నాకేమీ కాలేదు. చిన్న గీత కూడా లేదు. హార్పు నా భుజం మీద ఎలా ఉందో అలాగే ఉంది. మిగతా తీగలన్నీ వాటి పని అవి చేసుకుంటున్నాయి.

మావయ్యగారు అన్నారు, పైకే.

"అంతేనా?"

"అంతే మావయ్యా" అన్నాను.

"ఇంతకేనా!" అన్నారాయన. ఎన్నేళ్ళ నుంచి బిగబట్టిన ఊపిరో, ఆ మాటతో బయటికొచ్చింది. అత్తయ్య ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వు ఆగాక మూడో చరణం మొదట్నించీ ఎత్తుకున్నాను. పై ఎర్ర తీగ లేకపోతే కింద ఇంకో ఎర్ర తీగ ఉంటుంది. అక్కడ అది మీటాను. పాట కొంచెం లోతుగా వచ్చింది. చెడలేదు.

అయ్యాక టీచరమ్మ మిగిలిన తీగలన్నీ మీటి చూసింది. పెదవి విరవలేదు. "తీసుకెళ్ళు" అంది. ఒక కొత్త ఎర్ర తీగ చుట్ట కూడా చేతిలో పెట్టింది. "రోజూ వదిలి బిగించడంలో ఆ పాతది నలిగిపోయి ఉంటుంది. ఇది నువ్వే వేసుకో."

ఇంటికొచ్చాక మావయ్యగారు బట్టలైనా మార్చుకోలేదు. హార్పు ముందు చాప వేసుకుని కూర్చున్నారు. తీగ అడుగున వేయాల్సిన ముడి నేను చూపిస్తే, ఒక్కసారికే పట్టుకున్నారు. పై కొసని బిరడాకి చుట్టి, ఎడమ చేత్తో తాళం తొడిగారు. నేను ఇనప పుల్ల మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. రెండో చేత్తో తీగ మీటుతూ కూర్చున్నాను.

"లాగనా?"

"లాగండి."

ఆయన కొంచెం తిప్పారు. "చాలా?"

"ఇంకొంచెం మావయ్యా."

ఇంకొంచెం తిప్పారు. తీగ నిద్ర వదిలి గొంతు సవరించుకుంటోంది. ఆయన నుదుటిమీద చెమట పట్టింది.

"ఇంకా?"

"ఇంకా. భయపడకండి."

"భయమెందుకు" అన్నారు, తాళం మాత్రం తిప్పలేదు. వంటింట్లోంచి అత్తయ్య "లాగవయ్యా, అమ్మాయి చెప్తోందిగా!" అని అరిచింది.

ఆయన లాగారు. ఎర్ర తీగ నా చెవిలోని స్వరాన్ని వచ్చి తాకింది.

"చాలు" అన్నాను.

మావయ్యగారు తాళం తీసి స్తంభానికి కట్టారు. కానీ కిందికి వెళ్ళలేదు. గోడకి చేరగిలబడి, కాళ్ళు చాపుకుని, "ఏదీ, వాయించు" అన్నారు.